బడిలో మన హాజరు

మా కాకినాడలో పిల్లవాణ్ణి బళ్ళో వేసేటప్పుడు తండ్రులు మాస్టారితో అనే మాట ఒకటుండేది: "కళ్ళు మాత్రం ఉంచండి, మిగతాదంతా మీ ఇష్టం మాస్టారూ!" అని. తోలు ఒలిచినా అడగమని అర్థం. ఆ మాటతో తల్లిదండ్రుల వంతు పూర్తయిపోయేది. ఆ తరవాత ఫీజు కట్టటం, ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టటం, అంతే. నేను బళ్ళో చదువుకున్న పదేళ్ళలో మా నాన్నగారు స్కూలు గేటు దాటింది రెండే రెండు సార్లు. ఒకటి చేర్పించటానికి, రెండోది టీసీ తీసుకోవటానికి. మధ్యలో ఎవరి నాన్నగారైనా వచ్చారంటే ఏదో గొడవ జరిగిందన్నమాటే. ఇందులో నిర్లక్ష్యమేమీ లేదు, గురువు మీద గౌరవం. ఆపరేషన్ చేస్తున్న డాక్టరు పక్కన నిలబడి సలహాలివ్వం కదా, అలాగన్నమాట.

ఆ గౌరవాన్ని ఆవకాయ జాడీతో పాటు మనం అమెరికా తెచ్చుకున్నాం. వచ్చిన చిక్కల్లా, ఇక్కడి టీచరుకి అది గౌరవంలా కనపడదు. స్కూలు తెరిచిన కొత్తలో బ్యాక్ టు స్కూల్ నైట్‌కి ఎవరూ రాలేదు. కాన్ఫరెన్సుకి తండ్రి ఒక్కడే వచ్చి పది నిమిషాల్లో వెళ్ళిపోయాడు. ఫోల్డరులో పంపిన కాయితాలు ఎవరైనా చూసిన జాడ లేదు. ఈ ఇంట్లో వాళ్ళకి పిల్ల చదువు పట్టలేదు కాబోలు అనుకుంటుందావిడ. మనమేమో ఆదివారం పూట కూడా లెక్కల క్లాసు, స్పెల్లింగ్ బీ, కర్ణాటక సంగీతం అంటూ కారు టైర్లు అరగదీస్తుంటాం. పట్టనివాళ్ళం అంటే ఒప్పుకుంటామా? కానీ ఆవిడ కంటికి కనపడేది బడి లోపల జరిగేదే.

నేను చికాగో శివార్లలో పిల్లల డాక్టర్ని. మనవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చినప్పుడు బడి కబుర్లు అడుగుతుంటాను. లెక్కల్లో ఎన్ని గ్రేడులు ముందున్నాడో ఠకీమని చెప్తారు. క్లాసులో మీవాడి స్నేహితుడెవరండీ అంటే తల్లి తండ్రి వంక, తండ్రి తల్లి వంక చూస్తారు. టీచరు పేరు అడిగితే పిల్లవాడే అందుకోవాలి.

కొన్నేళ్ళ కిందటి సంగతి ఒకటి, ఆనవాళ్ళు మార్చి చెప్తాను. కిండర్‌గార్టెన్ పాప. వారంలో ఐదు రోజులూ కడుపునొప్పి, శని ఆదివారాలు మాయం. పాలు పడటం లేదేమోనని తల్లి పాలు మానిపించింది. పెరుగన్నం కూడా ఆపేసింది పాపం. నేను చూస్తే మలబద్ధకం తప్ప ఇంకేం లేదు. బడి నుంచి రాగానే ఏం చేస్తుంది అని అడిగితే, "చెప్పులు కూడా విప్పకుండా బాత్రూములోకి పరిగెడుతుందండీ" అంది తల్లి. టీచర్ని ఒకసారి కలవమన్నాను. అక్కడ తేలిందేమిటంటే, స్కూలు తెరిచి రెండు నెలలైనా ఆ పాప ఒక్కసారి కూడా బాత్రూముకి వెళ్తానని అడగలేదు! ఈ రోజుల్లో స్కూళ్ళలో మనం లేవకముందే భళ్ళుమని నీళ్ళు వదిలే టాయిలెట్లు వచ్చాయి కదా, ఆ చప్పుడుకి హడలిపోయింది. రోజంతా బిగబట్టుకుని కూచునేది. సగం సంగతి టీచరుకి తెలుసు, సగం తల్లికి తెలుసు. ఇద్దరూ ఎదురుపడింది లేదు. ఆ ఎర్రటి సెన్సారు కన్ను మీద చిన్న పసుపుపచ్చ స్టిక్కీ కాయితం అంటించి పాపని లోపలికి పంపటం మొదలుపెట్టారు. దానితో పాటు కొద్ది వారాలు మందు కూడా వాడాను. పాప మళ్ళీ పెరుగన్నం తింటోంది.

బడికి ఎందుకు వెళ్ళాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ సంగతే. మార్కులు ఇంట్లో కంప్యూటరులోనే కనపడతాయి, వాటి కోసం వెళ్ళక్కర్లేదు.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి స్కూళ్ళు తెరిచి కొన్ని వారాలై ఉంటుంది. ఇక్కణ్ణించి క్రిస్మస్ సెలవుల దాకా ఎలిమెంటరీ స్కూల్లో ఊపిరాడదు. మా ఇల్లినాయిలో కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్లల ఆరోగ్య పరీక్ష కాయితాలు, టీకాల లెక్కా అక్టోబరు 15 లోగా స్కూలుకి చేరాలి, లేకపోతే పిల్లని బడికి రానివ్వరు. (14వ తేదీ సాయంత్రం నాకు ఫోను చేసే పెద్దమనుషులు ఏటా ఉంటారు. వాళ్ళు ఈ వ్యాసం చదవరని నాకు తెలుసు.) తరవాత హాలోవీన్ ఊరేగింపు. ఆపైన పుస్తకాల సంత. అక్కడ అమ్మిన పుస్తకాలలో కొంత వాటా స్కూలు లైబ్రరీకి దక్కుతుంది గనక అక్కడ కొనటమే మేలు, బొమ్మల రబ్బర్లు, పెన్సిళ్ళ జోలికి పోకుండా ఉంటే. థ్యాంక్స్‌గివింగ్ ముందు వారం అమెరికన్ ఎడ్యుకేషన్ వీక్. ఇది 1921లో మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి సైన్యంలోకి తీసుకున్న కుర్రాళ్ళలో చదవటం రాయటం రానివాళ్ళు అంతమంది ఉన్నారని తెలిసి తెల్లబోయిన మాజీ సైనికుల సంఘమూ, ఉపాధ్యాయుల సంఘమూ కలిసి తలపెట్టిన వారం అది. కొన్ని స్కూళ్ళు ఆ వారంలో తల్లిదండ్రుల్ని క్లాసు వెనక కూచుని పాఠం చూడనిస్తాయి. డిసెంబరులో పాటల కచేరీ. ఇన్నిటికీ వెళ్ళాలా అంటే, అక్కర్లేదు. ఊరేగింపు ఫొటోలు ఎవరో ఒకరు పంపుతారు. పేరెంట్ టీచర్ కాన్ఫరెన్సు ఒక్కటి మాత్రం వదలద్దు.

ఆ కాన్ఫరెన్సుకి ఇచ్చేది పదిహేను నిమిషాలు, మహా అయితే ఇరవై. మనవాళ్ళు అందులో పన్నెండు నిమిషాలు గిఫ్టెడ్ ప్రోగ్రాం గురించే అడుగుతారని టీచర్లు నవ్వుతూ చెప్తుంటారు. అది ఈమెయిల్లో అడగచ్చు. ఎదురుగా కూచున్నప్పుడు అడగవలసినవి వేరే ఉన్నాయి. మావాడు విరామంలో ఎవరితో ఆడతాడు? తెలియనిది అడగటానికి చెయ్యెత్తుతాడా? తప్పు చేస్తే ఏడుస్తాడా, దాచుకుంటాడా? ఈ నెలలో ఎప్పుడైనా గట్టిగా నవ్వాడా? అలాగే ఇంట్లో సంగతులు కూడా మనం చెప్పాలి. బామ్మగారు ఇండియా తిరిగి వెళ్ళిపోయి పిల్లాడు బెంగ పెట్టుకున్నాడనో, తండ్రి ప్రాజెక్టు మారి వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్ళో ఉంటున్నాడనో టీచరుకి తెలిస్తే, ఆవిడ పిల్లవాణ్ణి చూసే చూపే మారుతుంది. "ఇంటి గుట్టు బయటపెట్టటమా!" అంది మా అత్తగారు. గుట్టు కాదు అత్తయ్యా, కేస్ హిస్టరీ అన్నాను.

ఇంకో ముఖ్యమైన విషయం. స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో మాట్లాడే భాష ఏమిటని ఒక ఫారం ఇస్తారు. "తెలుగు అని రాయకండి, ఈఎస్ఎల్‌లో పడేస్తారు" అనే సలహా మన పాట్‌లక్కుల్లో పులిహోర గిన్నెతో పాటు తిరుగుతుంటుంది. నా సలహా దానికి వ్యతిరేకం. నిజం రాయండి. తెలుగు అని రాసినంత మాత్రాన ఎక్కడా పడెయ్యరు. ఇంగ్లీషు ఎంత వచ్చో ఒక పరీక్ష పెడతారు. వస్తే వదిలేస్తారు. రాకపోతే సాయం చేస్తారు. ఆ సాయం వద్దని రాసిచ్చే హక్కు కూడా తల్లిదండ్రులకి ఉంది. ఏటా పెట్టే పరీక్ష మాత్రం గట్టెక్కే దాకా రాయాలి. ఐదేళ్ళ పిల్ల ఎదురుగా మన భాషని దాచుకోవలసిన వస్తువుని చేస్తే, పదేళ్ళ తరవాత "మా అమ్మాయి తెలుగులో పలకదండీ" అని మనమే వాపోవాలి. ఇంట్లో రెండు భాషలు మాట్లాడితే పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయన్నది కూడా నిజం కాదు. డాక్టరుగా ఈ మాట ధైర్యంగా చెప్తున్నాను.

మా స్నేహితుల పిల్లవాడు చదివే స్కూల్లో ఒక టీచరు, ఇంట్లో తెలుగు మానేస్తే మంచిదని చెప్పిందిట. వాళ్ళింట్లో రెండు రోజులు అగ్గి మండింది. మూడో రోజు ఆ తండ్రే వెళ్ళి ఆవిడతో నిదానంగా మాట్లాడి వచ్చాడు. ఆవిడ విన్నది, తన మాట వెనక్కి తీసుకుంది. అంత తేలిగ్గా ఎలా అయిందంటే, అంతకు ముందు ఏడాది సైన్స్ నైట్‌లో ఆ పెద్దమనిషి మూడు గంటలు నిలబడి పిల్లల చేత బ్యాటరీలు, బల్బులు కలిపించాడు. ఆవిడకి ఆయన ముందే తెలుసు. మొట్టమొదటిసారి బడికి వెళ్ళటమే ఫిర్యాదుతో వెళ్తే ఆ సంభాషణ ఇంకోలా ఉండేది.

ఇక పి.టి.ఏ. సంగతి. 1897లో వాషింగ్టన్‌లో ఆలిస్ బర్నీ, ఫీబీ హర్‌స్ట్ అనే ఇద్దరు స్త్రీలు తల్లుల మహాసభగా దీన్ని మొదలుపెట్టారు. నల్లవారి బడులు వేరుగా ఉన్న రోజుల్లో వాళ్ళకి ఇంకో సంఘం ఉండేది, 1926లో సెలీనా బట్లర్ స్థాపించింది. రెండూ కలిసింది 1970లో. అంత చరిత్ర ఉన్న సంఘం మీటింగుకి నేను మొదటిసారి వెళ్తే, నలభై నిమిషాలు నాప్‌కిన్లు ఏ రంగులో ఉండాలన్న చర్చ జరిగింది! పాత కాపులు నలుగురైదుగురు ఒక జట్టుగా ఉంటారు, కొత్తవాళ్ళతో పలకరింపుగా ఒక నవ్వు నవ్వి మళ్ళీ వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. నిజమే. మన తెలుగు సంఘాల్లో మాత్రం ఏం జరుగుతోంది లెండి! మూడో మీటింగుకి వాళ్ళే కుర్చీ జరిపి చోటిచ్చారు.

పిల్లల చేత ఇల్లిల్లూ తిప్పించి చందాలు వసూలు చేయించటం మనవాళ్ళకి నచ్చదు. చుట్టుకాయితాలు అమ్మటం, కుకీ పిండి అమ్మటం, పరుగు పందెం పెట్టి చుట్టకి ఇంతని వసూలు చెయ్యటం, ఇదేం ముష్టి అంటారు. మన దసరా ఏమిటి మరి? మా తాతగారు చెప్పేవారు. వీధిబడి పంతులుగారు పిల్లల చేతికి రంగు కాయితాలు అంటించిన విల్లంబులిచ్చి, పద్యాలు పాడించుకుంటూ గడప గడపకీ తీసుకెళ్ళేవారుట. పంతులుగారికి సంభావన, పిల్లలకి పప్పుబెల్లాలు. ఊరి బడిని ఊరే పోషించుకునే పద్ధతి అది. ఇక్కడ పప్పుబెల్లాలకి బదులు కుకీలు, అంతే తేడా. పైగా ఇక్కడ మన ఇంటి పన్నులో పెద్ద వాటా స్కూలుకే పోతోంది. స్కూలు బోర్డు మీటింగులో పౌరసత్వం లేనివాళ్ళు కూడా లేచి మాట్లాడచ్చు. ఓటు వెయ్యటానికే పౌరసత్వం కావాలి.

మనవాళ్ళు బడిలో కనపడేది ఒక్క దీపావళి నాడే అన్న మాట పడుతున్నాం. పట్టుచీరలు, సినిమా పాటకి డాన్సు, సమోసాలు. బాగానే ఉంటుంది. (జీడిపప్పు బర్ఫీలు మాత్రం తీసుకెళ్ళకండి. నట్స్ పడని పిల్లలుంటారు. చాలా స్కూళ్ళు ఇంట్లో చేసిన తినుబండారాలు అసలు ఒప్పుకోవు.) కానీ ఫీల్డ్ డే అయ్యాక కోన్లు ఏరి చెత్త సంచుల్లో వేసేవాళ్ళలో కూడా మన మొహాలు ఉంటే దీపావళికి ఇంకా అందం వస్తుంది. ఇల్లినాయి ప్రభుత్వం 2021లో చట్టం చేసి, ఆసియా అమెరికన్ల చరిత్ర బడుల్లో చెప్పాలంది. 2022-23 విద్యా సంవత్సరం నుంచి చెప్తున్నారు. ఆ పాఠం చెప్పే టీచరుకి మనం అలవాటైన మనుషులమైతే అనుమానం వచ్చినప్పుడు మనల్నే అడుగుతుంది.

వీసా వల్ల ఉద్యోగం లేక ఇంట్లో ఉండే అమ్మాయిలకి లైబ్రరీలో పుస్తకాలు సర్దటం లాంటి పని ఉంది. జీతం లేకుండా స్వచ్ఛందంగా చేసేది గనక దీన్ని ఉద్యోగం అనరు. చుట్టూ నలుగురు పరిచయమవుతారు. ఇంగ్లీషు అంతగా రాని తల్లిదండ్రులు కూడా జంకక్కర్లేదు. ముఖ్యమైన సంగతులు వాళ్ళకి అర్థమయ్యే భాషలో చెప్పవలసిన బాధ్యత స్కూలుదే. 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద వచ్చిన హక్కు అది. కాన్ఫరెన్సుకి తెలుగు దుబాసీ కావాలని ముందుగా అడగండి. పిల్లవాడి చేతే తర్జుమా చేయించద్దు. వాడికి అనుకూలమైన ముక్కలే మీకు చేరతాయి!

తాతగార్లనీ బామ్మలనీ కూడా తీసుకెళ్ళచ్చు, ఐడీ కార్డు చూపించి స్టిక్కరు అంటించుకుంటే చాలు. మా అత్తగారికి ఇంగ్లీషు నాలుగు ముక్కలే వచ్చు. కిందటేడు మా అబ్బాయి క్లాసు బయట సిమెంటు నేల మీద చాక్‌పీసుతో చుక్కల ముగ్గు వేసి చూపించారు. ఏడు చుక్కల లెక్క ఎలా కుదిరిందో పిల్లలు ఆవిడ చుట్టూ మూగి లెక్కబెట్టుకున్నారు. ఆ టీచరు దాన్ని తరవాత లెక్కల పాఠంలోకి తెచ్చింది.

"అంతా బాగానే ఉందండీ, సెలవెవరిస్తారు?" అంటారు మగవాళ్ళు. ఇల్లినాయిలో 50 మంది, అంతకు మించి పనిచేసే చోట, స్కూలు మీటింగుల కోసం ఏడాదికి 8 గంటలు ఇచ్చి తీరాలని చట్టం ఉంది. ఒక రోజులో 4 గంటలు మించకూడదు, మామూలు సెలవులు అయిపోయి ఉండాలి, వారం ముందు రాసివ్వాలి. జీతం ఇవ్వనక్కర్లేదు. 2024 జనవరి నుంచి చాలామందికి కారణం చెప్పనక్కర్లేని జీతపు సెలవు కూడా ఏడాదికి 40 గంటల దాకా వచ్చింది. కాలిఫోర్నియాలో 25 మంది, అంతకు మించి పనిచేసే చోట బడి పనులకి ఏడాదికి 40 గంటలు, మసాచుసెట్స్‌లో 50 మంది, అంతకు మించి ఉన్న చోట 24 గంటలు. మీ రాష్ట్రంలో ఎంతో కనుక్కోండి.

కాన్ఫరెన్సు సైన్ అప్ వచ్చిన రోజే పేరు రాసుకోవాలి. సాయంత్రం వేళలన్నీ గంటలో అయిపోతాయి. రాత్రి డ్యూటీల వాళ్ళూ, ఊళ్ళు తిరిగేవాళ్ళూ ఆ సంగతి టీచరుకి ఒక ముక్క రాస్తే, పొద్దున్న 7:30కో, ఫోన్లోనో, వీడియోలోనో కుదురుస్తారు. కానీ మనిషి వెళ్ళటమే మంచిది. ఆ కుర్చీలు మాత్రం ఐదేళ్ళ పిల్లల కొలతకి చేసినవి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ముందే చెప్తే పెద్ద కుర్చీ తెచ్చి వేస్తారు.