మన అమ్మాయిల కథ ఎవరు రాస్తారు?

ఉదయగిరి కొయ్య చెంచాలు దూరప్రాంతాలకు వెళ్లి అమ్ముడవుతున్నాయి. వాటిని చెక్కే చేతుల్లో మన ఇళ్ల ఆడవాళ్ల చేతులు ఎన్నో ఉన్నాయి. తల్లి పక్కన కూర్చుని చెంచాకు నునుపు పెట్టే పద్నాలుగేళ్ల పిల్ల మనసులో ఏముంది? ఆత్మకూరులోనైనా ఉదయగిరిలోనైనా ఈ ప్రశ్న మనం అడిగింది తక్కువ. పెద్దమనిషి అయిందనగానే గడప దాటొద్దంటాం, గట్టిగా నవ్వొద్దంటాం. ఇక బడి ఎందుకని జేజి అంటే నాయన తల ఊపుతాడు. "నీకేం కావాలమ్మా?" అని మాత్రం ఎవరూ అడగరు.

ఈ ప్రశ్నను నవలలు అడిగాయి. 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ తన కూతుళ్ల చదువు కోసం ఉర్దూలో 'మిరాతుల్ ఉరూస్' రాశారు. అందులోని అస్గరీ చదువుకున్న పిల్ల, ఇంటిని చక్కదిద్దిన కోడలు. ఆడపిల్లకు చదువు కావాలని ఆ రోజుల్లోనే చెప్పడం గొప్ప సంగతే. కాని ఆ చదువంతా సంసారం కోసమే. 1940లలో ఇస్మత్ చుగ్తాయ్ 'టేఢీ లకీర్'లో షమన్ వచ్చింది. పిల్లలు ఎక్కువై ప్రేమ కరువైన ఇంట్లో పుట్టి, బడిలో, హాస్టల్లో తనను తాను వెతుక్కున్న మొండిపిల్ల ఆమె. 1976లో జీలానీ బానూ 'ఐవానె గజల్'లో హైదరాబాదు హవేలీలో పెరిగిన ఆడపిల్లల బతుకులు చూపించారు.

మన ఊళ్లకు దగ్గరగా అనిపించే కథ తమిళనాడుది. తిరుచిరాపల్లి జిల్లా తువరంకురిచ్చికి చెందిన సల్మాకు పదమూడేళ్లకే బడి మాన్పించారు. పెళ్లయ్యాక రాత్రిపూట, ఇంట్లోవాళ్ల కంటపడకుండా, మారుపేరుతో రాశారు. 2004లో వచ్చిన ఆమె తమిళ నవల 'ఇరండాం జామంగళిన్ కదై'లో రాబియా అనే చిన్నపిల్ల తన చుట్టూ ఉన్న ఆడవాళ్ల బతుకులు గమనిస్తూ ఎదుగుతుంది. బడి మాన్పించిన ఆ పిల్లే 2001లో పంచాయతీ అధ్యక్షురాలైంది, 2025లో రాజ్యసభకు వెళ్లింది. బడి ఆపగలిగారు గాని ఆలోచన ఆపలేకపోయారు.

మరి తెలుగులో? మన జిల్లా కావలికి చెందిన ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' 1999లో పుస్తకంగా వచ్చాయి. మన మాట, మన వంట, మన పేదరికం అచ్చులో చూసుకుని మురిసిపోయాం. అయితే అవి ఒక పిల్లవాడి కళ్లతో చూసిన కథలు. అలాంటి ఇంట్లోనే పెరిగిన అక్క తన కథ తాను చెప్పుకుంటే ఎలా ఉంటుంది? ఆ నవలను మన పిల్ల చేతిలో పెడదామని వెతికితే అంత తేలిగ్గా దొరకదు.

నవలలు చదివితే పిల్లలు చెడిపోతారని కొందరి భయం. తల్లిదండ్రుల ఆందోళన మనం కాదనం. కాని తన దిగులు ఇంకొక పిల్లకూ ఉందని పుస్తకంలో చదివిన అమ్మాయి చెడిపోదు, ఒంటరితనం నుంచి బయటపడుతుంది. అమ్మ కూడా ఆ పుస్తకమే చదివితే ఇద్దరూ మాట్లాడుకోవడానికి దారి దొరుకుతుంది.

కాబట్టి అమ్మాయిని లైబ్రరీకి పంపడానికి వెనకాడవద్దు. రాసుకుంటానంటే ఒక నోటుబుక్కు కొనివ్వండి, అడగకుండా తెరిచి చూడకండి. చదువు మాన్పించాలన్న మాట వచ్చినప్పుడు ముందు ఆ పిల్లనే అడగండి. రేపు మన కథ రాయవలసింది ఆమే.