ఓటీపీ ఒక్కటే చాలదు: ఊళ్లో అమ్మానాయినల ఫోన్‌కి టూ-ఫ్యాక్టర్ ఎలా పెట్టాలి?

హైదరాబాద్-విజయవాడ హైవే మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ కంటే ముందు వచ్చే ఊరు మా కట్టంగూర్. ఇక్కడ చాలా ఇళ్లల్లో ఫోన్ వాడేది నాయిన, అందులో జీమెయిల్ క్రియేట్ చేసింది హైదరాబాద్‌లో ఉండే కొడుకో బిడ్డో, రికవరీ నంబర్ మాత్రం ఎప్పుడో రీచార్జ్ ఆపేసిన సిమ్‌ది. టూ-ఫ్యాక్టర్ అథెంటికేషన్ మీద ఉన్న గైడ్లన్నీ ఒక మనిషి, ఒక ఫోన్, ఒక నంబర్ అనుకుని రాసినవే. మన ఇళ్లల్లో లెక్క అట్లా ఉండదు కదా.

కాన్సెప్ట్ అయితే మనకు కొత్త కాదు. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే అదనపు వెరిఫికేషన్ ఉండాలని ఆర్‌బీఐ 2009లోనే రూల్ పెట్టింది. యూపీఐ కూడా అంతే: మీ సిమ్ ఉన్న ఫోన్‌కి యాప్ బైండ్ అవుతుంది, దాని మీద పిన్. అంటే పైసలకి రెండు తాళాలు ఉన్నాయి. కాంటాక్టులు, ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ ఉన్న జీమెయిల్‌కి, వాట్సాప్‌కి మాత్రం చాలామంది ఒక్క తాళంతోనే నడిపిస్తున్నారు.

ముందు వాట్సాప్ సంగతి చూద్దాం, ఎందుకంటే మా దగ్గర ఎక్కువ పోయేది అదే. పద్ధతి చాలా సింపుల్. తెలిసినవాళ్ల నంబర్ నుంచే మెసేజ్ వస్తుంది: "పొరపాటున నీకు 6 అంకెల కోడ్ వచ్చింది, జర పంపు." ఆ తెలిసినవాళ్ల అకౌంట్ అప్పటికే దొంగ చేతిలో ఉంటుంది. మా మేనత్తకి ఇట్లనే అయింది. "మన పిలగాడే అడుగుతుండు గదా అని చెప్పిన" అన్నది. పది నిమిషాల్లో ఆమె పేరుతో చుట్టాల గ్రూపులన్నింట్లో "అర్జెంట్, 5 వేలు కొట్టు" అని మెసేజ్‌లు. ఆమె నంబర్‌తో మళ్లీ రిజిస్టర్ చేసి ఎస్ఎంఎస్ కోడ్ కొట్టగానే దొంగ లాగౌట్ అయ్యాడు. కానీ అప్పటికే వాడు టూ-స్టెప్ పిన్ పెట్టేశాడు. ఆ పిన్ తెలియకపోతే వాట్సాప్ 7 రోజులు ఆగమంటుంది. ఆ వారమంతా మేము చుట్టాలకి ఫోన్లు చేసి చెప్పుకోవాల్సి వచ్చింది.

దొంగ పెట్టిన ఆ పిన్నే మనం ముందు పెట్టుకుంటే కథే ఉండదు. 2017 నుంచి ఉన్న ఫీచర్ ఇది. సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ-స్టెప్ వెరిఫికేషన్. 6 అంకెల పిన్ పెట్టండి, ఈమెయిల్ అడిగితే స్కిప్ కొట్టకండి. పిన్ మర్చిపోతే రీసెట్ అయ్యేది దానితోనే. ఇక్కడ ఒక్క జాగ్రత్త: పెద్దవాళ్లు గుర్తుంటుందని యూపీఐ పిన్నే ఇక్కడ కూడా పెడతారు. దగ్గర కూర్చుని వేరేది పెట్టించండి.

ఇప్పుడు అసలు చిక్కు, ఎస్ఎంఎస్ ఓటీపీ. ఏమీ లేనిదానికంటే ఇది నయమే. కానీ రెండు చోట్ల దెబ్బ తింటుంది. ఒకటి ఏపీకే ఫైళ్లు. ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్, పెళ్లి కార్డు అంటూ వాట్సాప్‌లో వచ్చే ఫైల్‌ని ఇన్‌స్టాల్ చేస్తే అది ఎస్ఎంఎస్ పర్మిషన్ అడుగుతుంది, ఇచ్చారంటే వచ్చిన ఓటీపీ వచ్చినట్టే దొంగకి వెళ్తుంది. రెండోది ఎవరూ పట్టించుకోని ఆగిపోయిన సిమ్. డీయాక్టివేట్ అయిన నంబర్‌ని 90 రోజులు దాటాక ఇంకొకరికి ఇవ్వొచ్చు. మీ నాయిన జీమెయిల్ రికవరీ కోడ్ ఆ కొత్తాయన ఫోన్‌కి వెళ్తుందన్నమాట. ఈ రోజే చెక్ చేయాల్సింది ఏదైనా ఉందంటే అది ఈ రికవరీ నంబరే.

జీమెయిల్‌కి టూ-స్టెప్ ఆన్ చేస్తే ఫోన్‌లో "మీరేనా?" అని ప్రాంప్ట్ వస్తుంది, అవును నొక్కితే చాలు. గూగుల్ 2021లో 15 కోట్ల మందికి దీన్ని తనంతట తానే ఆన్ చేసింది. వాళ్లల్లో హ్యాక్ అయ్యే అకౌంట్లు సగానికి తగ్గాయని తర్వాత చెప్పింది. లాగిన్ చేయకుండానే ప్రాంప్ట్ వస్తే కాదు నొక్కాలని మాత్రం ఇంట్లో నేర్పించాలి. దీంతోపాటు 10 బ్యాకప్ కోడ్‌లు వస్తాయి, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయిన రోజు ఇవే దిక్కు, కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచకండి. మా ఇంట్లో కాగితం మీద రాసి పట్టాదారు పాస్‌బుక్ కవర్‌లో పెట్టాం. ఇంట్లో ఎవరూ పారేయని వస్తువు అదొక్కటే!

అథెంటికేటర్ యాప్ ఇంకో మెట్టు పైన. 30 సెకన్లకోసారి కోడ్ మారుతుంది, ఫోన్‌లోనే తయారవుతుంది కాబట్టి బావి కాడ సిగ్నల్ లేకున్నా పనిచేస్తుంది. ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌లో ఉండాలి, తేడా ఉంటే కోడ్ తప్పు చూపిస్తుంది. సెటప్ అప్పుడు వచ్చే క్యూఆర్‌ని రెండు ఫోన్లతో స్కాన్ చేయొచ్చు, ఒకటి నాయినది, ఒకటి మీది. నాకిది సౌకర్యంగా ఉంది కానీ ఒక షరతు మీద: కోడ్ మీ నుంచి వాళ్లకే వెళ్లాలి, వాళ్ల నుంచి ఎన్నడూ బయటికి రావొద్దు. "అమ్మా, కోడ్ చెప్పు" అని మనమే రోజూ ఫోన్‌లో అడుగుతుంటే, రేపు బ్యాంక్ మేనేజర్‌నని ఎవడో అడిగినా ఆమె చెప్పేస్తుంది.

పాస్‌కీ సపోర్ట్ ఉన్న చోట నా ఓటు దానికే. అది అసలు సైట్‌కి మాత్రమే పనిచేస్తుంది, నకిలీ పేజీలో వాడదామన్నా కుదరదు, చెప్పడానికి కోడ్ కూడా ఉండదు. వ్యవసాయం చేసిన చేతుల వేలిముద్రలు సరిగ్గా పడవని రేషన్ షాపుకి వెళ్లే ప్రతివాళ్లకీ తెలుసు. అది ఇబ్బంది కాదు, స్క్రీన్ లాక్ పిన్‌తో కూడా పాస్‌కీ పనిచేస్తుంది.

ఎనీడెస్క్ లాంటి యాప్‌తో ఫోన్ స్క్రీన్ మొత్తం దొంగకి ఇచ్చేసి, యూపీఐ పిన్ కూడా మనమే కొడితే మాత్రం ఇవేవీ కాపాడలేవు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి కాల్ చేయండి. డబ్బు ఇంకో అకౌంట్‌కి దాటకముందే ఆపడానికి ఛాన్స్ ఉండేది ఆ మొదటి గంటల్లోనే. ఆ నంబర్‌ని అమ్మ ఫోన్ కాంటాక్ట్స్‌లో "సైబర్ పోలీస్" అని సేవ్ చేసి పెట్టండి, తెలుగులోనే.