ఒకే దొడ్డిలో తాబేళ్లు.. తోడు కాదు, పోరు!
* రెండు మగవి కలిస్తే కుమ్ములాటే
* నక్షత్ర తాబేలైతే జైలే

తిరుచ్చులి: తాబేలు చొచ్చిన ఇల్లు, అమీనా చొచ్చిన ఇల్లు బాగుపడవని పెద్దల మాట. తమిళంలోనూ ఈ సామెత ఉంది. ఇప్పుడేమో తాబేలుంటే కలిసొస్తుందని కొందరు, పిల్లల సరదాకని మరికొందరు పెరట్లో పెంచుతున్నారు. ఒంటరిగా ఉంటే దిగులు పెట్టుకుంటుందని ఇంకోటి తెచ్చి వదులుతున్నారు. చిక్కంతా అక్కడే. తాబేలుకు తోడు అక్కర్లేదు.

డొప్పలతో గుద్దులు
రెండు మగవి ఒకచోట ఉంటే డొప్పలతో గుద్దుకుంటాయి. ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి. ఇక్కడి ఎండలకు అలా పడి లేవలేకపోతే ప్రాణం పోయినట్టే. మగ, ఆడ జంటగా ఉన్నా నెమ్మది ఉండదు. మగది వెంటపడి ఆడదాన్ని మేత మేయనివ్వదు. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉంటే కాస్త నయం.

దొడ్డి ఎలా ఉండాలి?
జాగా విశాలంగా ఉండాలి. ఒకదాని కంట ఒకటి పడకుండా పొదలు, రాళ్లు అడ్డం పెట్టాలి. మేత, నీళ్లు రెండు మూడు చోట్ల ఉంచాలి. నీళ్ల పళ్లెం లోతు తక్కువుండాలి. తవ్వుకుని పోకుండా గోడను భూమిలోకి దింపాలి. వేర్వేరు జాతులను కలపకూడదు. కొత్తదాన్ని కొన్ని నెలలు విడిగా ఉంచాలి. ముక్కు కారుతుంటే పశువుల డాక్టరుకు చూపాలి. ఆఫ్రికా సల్కాటా చిన్నప్పుడు అరచేతిలో ఇముడుతుంది. పెరిగితే 40 కిలోలు దాటుతుంది!

శ్రీకూర్మంలో..
శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం కూర్మనాథస్వామి ఆలయంలో భక్తులు తెచ్చిచ్చిన నక్షత్ర తాబేళ్లను ఆవరణలోనే పెంచుతున్నారు. 2025 ఏప్రిల్‌లో అక్కడ కొన్ని చనిపోవడం పెద్ద చర్చకే దారితీసింది. కారణం ఏదైనా, గుంపుగా ఉన్నచోట ఒక్కో తాబేలునూ రోజూ చూసుకోవాల్సిందే.

ఇంట్లో ఉంటే నేరమే
నక్షత్ర తాబేలు మన మెట్ట పొదల జీవి. డొప్ప మీద పసుపు చారలు చుక్కల్లా ఉంటాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంచకూడదు. 2022 సవరణతో ఇది మొదటి షెడ్యూలుకెక్కింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించారు. విదేశీ జాతులను పెంచేవారు కూడా 2024 నిబంధనల కింద పరివేశ్‌ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి.

వాన వెలిశాక పొలం గట్టున కనబడితే దాని దారిన దాన్ని పోనివ్వాలి. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం ఎక్కడో పొదల్లో వదిలేయకూడదు. దాని జబ్బులు అడవి తాబేళ్లకు అంటుకుంటాయి. అటవీ శాఖ రేంజి ఆఫీసులో అప్పగించడమే మేలు.