ఎందరు పిల్లలో తేల్చేది ఎవరు?

ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచి పదవికి పోటీ చేయడానికి వీల్లేదు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఈ నిబంధన మూడు దశాబ్దాలు అమల్లో ఉంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దాన్ని ఎత్తేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, రాష్ట్రంలో వృద్ధుల వాటా పెరుగుతోందనీ, ఎక్కువమంది పిల్లల్ని కనాలనీ పిలుపునిచ్చారు. ఇరవై రెండేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుని వచ్చిన తల్లికి అప్పట్లో ‘ఇద్దరు చాలు’ అని చెప్పారు. ఇప్పుడు ఆమె కూతురికి ‘ఇద్దరు చాలరు’ అంటున్నారు. తల్లినీ ఎవరూ అడగలేదు, కూతురినీ ఎవరూ అడగడం లేదు.

అడిగి తీరాలని పట్టుబట్టిన సంస్థ ఒకటి 1949లో బొంబాయిలో పుట్టింది. పేరు ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా.

దాని వెనుక ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు. ధన్వంతి రామారావు హుబ్బళ్లిలో కశ్మీరీ కుటుంబంలో పుట్టి, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదువుకుని, క్వీన్ మేరీస్ కాలేజీలో పాఠాలు చెప్పారు. భర్త బెనెగళ్ రామారావు రిజర్వు బ్యాంకు గవర్నరు. అఖిల భారత మహిళా సభకు ఆమె అధ్యక్షురాలిగానూ పనిచేశారు. రెండో ఆమె ఆవాబాయి వాడియా. కొలంబోలో పార్సీల ఇంట పుట్టి, ఇంగ్లండులో బారిస్టరు పరీక్ష నెగ్గిన తొలి సింహళ దేశపు మహిళ. గర్భనిరోధం అన్న మాట వింటేనే మొదట్లో ఆవాబాయికి ముఖం చిట్లించాలనిపించేదట. బొంబాయిలో ఒక డాక్టరమ్మ చెప్పిన మాట ఆమె మనసు మార్చింది. మన ఆడవాళ్ల బతుకంతా కడుపు మోయడం, పాలివ్వడం, మళ్లీ కడుపు మోయడంలోనే తెల్లారిపోతోందన్నది ఆ మాటల సారం. తర్వాత ముప్ఫై నాలుగేళ్లు ఆ సంస్థకు ఆవాబాయే అధ్యక్షురాలు.

ఆ రోజుల్లో ఈ సంగతి నోటితో అనడానికే తెగువ కావాలి. అంతకు ముందే 1921లో బొంబాయిలో గర్భనిరోధక కేంద్రం తెరిచిన రఘునాథ్ ధోండో కర్వే, ఈ పని మానుకోలేక కాలేజీ ఉద్యోగమే పోగొట్టుకున్నారు. స్వతంత్ర భారత తొలి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్‌కౌర్ గాంధేయవాది. సంయమనం, రోజులు లెక్కపెట్టుకోవడం తప్ప మరో పద్ధతికి ఆమె మనసు ఒప్పలేదు. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో రంగు పూసల దండలిచ్చి రోజులు లెక్కించే ప్రయోగం చేసింది అప్పుడే. మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు దక్కింది 65 లక్షల రూపాయలు. ఆ కొంచెమైనా దక్కడంలో, 1952లో ప్రపంచంలోనే తొలి జాతీయ కార్యక్రమంగా అది మొదలవడంలో, మహిళా సంఘాల ఒత్తిడికి పెద్ద పాత్రే ఉంది. అదే ఏడాది నవంబరులో ఈ సంస్థ బొంబాయిలో అంతర్జాతీయ సదస్సు పెట్టింది. ప్రారంభించినవారు ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్. ప్రపంచ దేశాల కుటుంబ నియంత్రణ సంఘాల సమాఖ్య ఐపీపీఎఫ్ పుట్టింది ఆ సదస్సులోనే. అమెరికా నుంచి వచ్చిన మార్గరెట్ శాంగర్‌తో పాటు ధన్వంతి దానికి గౌరవాధ్యక్షురాలయ్యారు.

ఒక నిజం దాచకూడదు. ఆ కాలపు ఉద్యమంలో తల్లుల ఆరోగ్యం గురించి మాట్లాడినవాళ్లతో పాటు, పేదలు ఎక్కువగా కనకూడదన్న ధోరణిలో మాట్లాడినవాళ్లూ ఉన్నారు. జనాభా ‘నాణ్యత’ అంటూ చేసిన వాదనల్లో మనిషి మీద గౌరవం లేదు. రాబోయే బలవంతాలకు విత్తనం అక్కడే పడింది.

ఈ సంస్థ చేసిన మంచి పని చూడాలంటే కోలారు జిల్లా మాలూరుకు వెళ్లాలి. కర్ణాటకే అయినా మన సరిహద్దు జిల్లా, తెలుగు ఇళ్లు బోలెడున్న జిల్లా. 1970ల్లో అక్కడ మొదలుపెట్టిన పథకంలో గర్భనిరోధకాలు ఒక భాగం మాత్రమే. పిల్లల ఆరోగ్యం, చదువు, ఆడపిల్ల పెళ్లీడు, ఊరి అవసరాలు అన్నీ కలిపి పట్టుకున్నారు. బిడ్డ బతుకుతుందన్న భరోసా లేని ఇంట్లో ఇద్దరితో ఆపమంటే వినేదెవరు? శిశుమరణాలు తగ్గాయి, పెళ్లి వయసు పెరిగింది, అక్షరాస్యత రెట్టింపయింది. సంస్థ పక్కకు తప్పుకున్నాక పథకాన్ని ఊళ్లవాళ్లే నడుపుకొన్నారు. భజన పాటల మధ్యలో ఈ కబుర్లు చొప్పించడం, రైలు పెట్టెల్లో ప్రదర్శన పెట్టి ఊరూరా తిప్పడం ఆ సంస్థ పద్ధతులు.

ప్రభుత్వం దారి వేరు. దానికి లెక్క కావాలి. జిల్లాకు ఇన్ని, మండలానికి ఇన్ని, నర్సమ్మకు ఇన్ని కేసులు. ఆ లెక్కల పిచ్చి ముదిరి, ఎమర్జెన్సీ నాటి 1976–77లో ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో అత్యధికం మగవాళ్లకే. పోలీసులను పెట్టి పట్టుకొచ్చారు, జీతాలు ఆపారు, రేషను కార్డుతో ముడిపెట్టారు. బలవంతం కూడదని ఆవాబాయి అప్పుడే చెప్పారు. 1980ల్లో ఐపీపీఎఫ్ అధ్యక్షురాలిగా ఉన్నప్పుడూ ఆమె మాట మార్చలేదు. గర్భస్రావం సేవల ఊసెత్తే సంస్థలకు నిధులు ఆపేస్తామని అమెరికా బెదిరిస్తే, నిధులే వదులుకున్నారు.

ఎమర్జెన్సీ తర్వాత మగవాళ్లు ఆ ఆపరేషన్ ఛాయలకు రావడం మానేశారు. భారం మొత్తం ఆడవాళ్ల మీద పడింది. ఈ మాటకు తెలుగు రాష్ట్రాలంత పెద్ద రుజువు మరెక్కడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశ సగటు 38. మరి మగవాళ్ల వేసెక్టమీ? దేశం మొత్తం మీద 0.3 శాతం.

సంతాన రేటు ఆంధ్రలో 1.7కు, తెలంగాణలో 1.8కు దిగింది. అధికారులు దీన్ని విజయం అన్నారు. కానీ ఎలా దిగిందో చూడాలి. చిన్న వయసులో పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. ఇద్దరు పిల్లల మధ్య ఎడం పెట్టుకునే అవకాశం ఈ వరసలో ఎక్కడా లేదు. మాత్రలు, కాపర్-టి వాడేవాళ్లు ఈ రెండు రాష్ట్రాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఆ ఆపరేషన్లు జరిగే తీరు మరో కథ. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి చేశారు. ఆ రోజుల్లో అక్కడ పదముగ్గురు తల్లులు చనిపోయారు. కుటుంబ నియంత్రణ క్యాంపులను మూడేళ్లలో ఆపేయాలని 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2022 ఆగస్టులో హైదరాబాద్ పక్కనే ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. నలుగురు చనిపోయారు. చిన్న పిల్లల తల్లులు వాళ్లు. క్యాంపుల సంస్కృతి ఎంత మొండిదో ఆ నాలుగు ఇళ్లకు తెలుసు.

దారి లేదా అంటే, ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం బల్ల సొరుగు తీస్తే కనిపిస్తుంది. 28 మాత్రల మాలా పొట్లం ఉంటుంది, అందులో చివరి ఏడూ ఐరన్ మాత్రలే. లక్నో శాస్త్రవేత్తలు కనిపెట్టిన, హార్మోన్లు లేని ‘ఛాయ’ మాత్ర ఉంటుంది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి. మూడు నెలలకోసారి తీసుకునే ‘అంతర’ ఇంజెక్షన్ 2017 నుంచి ఇస్తున్నారు. కాన్పు అయిన 48 గంటల్లోపే పెట్టగలిగే కాపర్-టి ఉంది, రకాన్ని బట్టి ఐదేళ్లో పదేళ్లో పనిచేస్తుంది, కావాలన్నప్పుడు తీయించుకోవచ్చు. అన్నీ ఉచితం. ఆశా కార్యకర్త ఇవన్నీ చూపించినా, కోడలి నోట తరచూ వచ్చే మాట ఒకటే: “అత్తయ్యనడిగి చెప్తా అక్కా.” ఆ అత్తయ్యకు తెలిసిందీ ఆపరేషనే. అందుకే కోడలితో పాటు అత్తతోనూ, భర్తతోనూ కూర్చుని మాట్లాడే మనిషి కావాలి. ఫ్యామిలీ ప్లానింగ్ అసోసియేషన్ లాంటి సంస్థలు చేసేది ఆ పని. హైదరాబాద్‌లోనూ ఆ అసోసియేషన్‌కు శాఖ ఉంది.

ఇక మగవాళ్ల సంగతి. కోతా కుట్లూ లేని వేసెక్టమీ పావుగంట పని. కడుపు తెరవక్కర్లేదు, ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు. మగతనం తగ్గుతుందన్నదీ, బరువులెత్తలేరన్నదీ అబద్ధాలు. మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్షలో వీర్యకణాలు లేవని తేలితే చాలు. ఇంత తేలికైనది వదిలేసి, రెండు కాన్పుల అలసటలో ఉన్న భార్యను బల్ల ఎక్కించడం న్యాయం కాదు.

ఎక్కువమందిని కనమంటున్న ప్రభుత్వాలనైనా, వద్దన్న ప్రభుత్వాలనైనా అడగాల్సింది ఒకటే: ఆమెను అడిగారా? మీ ఇంట్లో రెండో కాన్పుకు సిద్ధమవుతున్న కోడలో కూతురో ఉంటే, ఆస్పత్రి వాళ్లు ఆపరేషన్ కాగితం మీద సంతకం అడిగేలోపే ఏఎన్ఎంతో కూర్చోబెట్టండి. అన్ని పద్ధతులూ చూపించమనండి. అల్లుణ్నీ, కొడుకునీ ఆ మాటల్లో పక్కనే కూర్చోబెట్టండి.