వంటింటికి గాలి కావాలి

కొంతకాలం క్రిందట ఒక గృహిణి పొడిదగ్గుతో నా వద్దకు వచ్చారు. క్షయ పరీక్షలో దోషమేమీ లేదని అప్పటికే తేలింది. సితోపలాది చూర్ణం తేనెతో ఇచ్చాను. పిమ్మట తాళీసాది ఇచ్చాను. నాలుగు రోజులు తగ్గేది, మరల మొదలయ్యేది. రోగి ఇల్లు చూడనిదే రోగం తెలియదని గురుకులంలో మా గురువుగారు అనేవారు. ఆ మాట జ్ఞప్తికి వచ్చి ఒకనాటి ఉదయం వారింటికి వెళ్లాను.

చిన్న వంటిల్లు. అందులో ఫ్రిజ్, ఓవెన్, మిక్సీ, గ్రైండర్, టోస్టర్, ఇండక్షన్ పొయ్యి. ఒక్కొక్క పండుగకు ఒక్కొక్కటి వచ్చింది. ఏదీ బయటకు పోలేదు. ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా ఓవెన్, దానిపై అట్టపెట్టెలు. ఆమె పోపు వేయగానే మిరపకాయల ఘాటు, నూనెపొగ గదిలోనే తిరిగాయి. ఆమెతోపాటు నేనూ దగ్గాను. నిదానం నాకక్కడ దొరికింది.

కాసకు సుశ్రుతులు చెప్పిన కారణాలలో పొగ, ధూళి ఉన్నాయి. గ్యాసు మంట నుండి వెలువడే నైట్రోజన్ డయాక్సైడ్ కూడ శ్వాసనాళాలను రేపుతుందని ఆధునికులు చెప్పుచున్నారు. కారణాన్ని తొలగించుటే ప్రథమ చికిత్స. కిటికీ మూసి ఔషధమిచ్చిన తప్పు నాది.

యంత్రాలపై నాకు ద్వేషం లేదు. మా ఇంటనూ మిక్సీ ఉన్నది. అయితే గృహిణులు ఈ విషయాలు గమనించాలి:

1. కిటికీకి, పొయ్యికి నడుమ ఏ వస్తువూ ఉండరాదు. వంట ముగిసిన తరువాత కూడ కొంతసేపు కిటికీ తెరచి ఉంచాలి.

2. ఫ్రిజ్‌ను క్రిక్కిరిసేలా నింపితే లోపల చల్లదనం సమంగా ప్రసరించదు. నిన్నటి సాంబారు, మొన్నటి కూర దాచుటకు అది కొట్టుగది కాదు. పర్యుషితాన్నం, అనగా నిలవ అన్నం, మన శాస్త్రం మెచ్చనిది.

3. ఇండక్షన్ పొయ్యి సుమారు 2000 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గు మోయగలిగేది సుమారు 1400 వాట్లే. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గు వేరుగా ఉండాలి.

4. ఆరు నెలలుగా ముట్టని యంత్రాన్ని అవసరమున్న వారికి ఇచ్చివేయండి.

ఆ ఇంట ఓవెన్ హాలులోకి మారింది. కిటికీ తెరచుకున్నది. అదే చూర్ణం మరల ఇచ్చాను; కొద్ది వారాలలో దగ్గు నెమ్మదించింది. దగ్గు రెండు వారాలు దాటినచో మాత్రం గృహవైద్యంతో కాలయాపన చేయక, తప్పక కఫ పరీక్ష చేయించుకోవాలి. అందరి ఆకలి తీర్చే ఇల్లాలు ఊపిరికి ఇబ్బంది పడరాదు. నేడే మీ వంటింటి కిటికీ ఒకసారి చూడండి.