ఫోన్ మనది... నిఘా వాళ్లది

ఎండాకాలంలో ఉపాధి హామీ కూలీలు తెల్లవారకముందే గడ్డపార, తట్ట పట్టుకుని చెరువు కట్ట మీదికి చేరతారు. ఎండ ముదిరేలోపు కొలతకు సరిపడా మట్టి ఎత్తేసి ఇంటికి పోవాలని వాళ్ల ఆరాటం. ఈ పనిలో కూలి లెక్కకట్టేది తవ్విన కొలతను బట్టి. గంటలతో నిమిత్తం లేదు. అందుకే గబగబా పని కానిచ్చి ఇల్లు చేరడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. 2021 మేలో కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి సామూహిక పనులన్నిటికీ దాన్ని తప్పనిసరి చేసింది. కూలీల జట్టును చూసుకునే మేట్ తన ఫోన్‌లో రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, అది ఎక్కడ తీసిందో తెలిసేలా పంపాలి. ఒక ఫొటోకూ ఇంకో ఫొటోకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. పని ముందే అయిపోయినా రెండో ఫొటో కోసం మండుటెండలో పడిగాపులు కాయాల్సిందే.

"వరసగా నిలబడండి. ముసుగు తియ్యి పెద్దమ్మా, మొహం పడట్లేదు" అంటూ మేట్ ఫోన్ పైకెత్తుతుంది. సిగ్నల్ ఉంటే సరే. లేకపోతే ఆ ఫోన్ పట్టుకుని గట్టెక్కి, ఇటు తిరిగి అటు తిరిగి చూడాలి. ఫొటో ఎక్కకపోతే మస్టర్‌లో హాజరు పడదు. హాజరు లేకపోతే కూలి లేదు. తవ్విన గుంత అక్కడే కళ్లెదుట ఉంటుంది, అయినా లాభం లేదు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు వంద రోజుల ధర్నా మొదలుపెట్టినప్పుడు వాళ్ల ముఖ్యమైన డిమాండ్లలో ఈ యాప్ రద్దు ఒకటి.

దొంగ మస్టర్లను అరికట్టడానికే యాప్ అన్నారు. ఆ బెడద ఉన్నమాట నిజమే. మరి యాప్‌తో అది ఆగిందా? 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది. పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, పాత ఫొటోకే మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, ఒకే మనుషులు వేర్వేరు మస్టర్లలో కనిపిస్తున్నారని అందులో ఉంది. చివరికి ఆ ఫొటోలన్నీ మనుషులే చూసి సరిపోల్చాలని చెప్పింది. అంటే మోసగాడికి దారి దొరికింది, సిగ్నల్ లేని ఊరివాళ్లకు కూలి పోయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్‌లో ఉన్న పేర్లు ఊరి జనం ముందు చదివి వినిపించేవారు. ఎవరు పనికొచ్చారో, ఎవరు రాలేదో పక్కింటివాళ్లే చెప్పేవారు. ఏ ఫోనూ అవసరం లేకుండానే అక్రమాలు బయటపడ్డాయి. ఆ పద్ధతిని బలపరచకుండా కెమెరాను నమ్ముకోవడం నాకు మింగుడుపడదు.

ఇంతకీ ఆ ఫోన్ ఎవరిది? 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధ్యాయులకు ముఖ హాజరు యాప్ పెట్టినప్పుడు సంఘాలు నిలదీసింది ఇదే. మా ఫోన్లలో మీ యాప్ ఎందుకు వేసుకోవాలి, మీరే పరికరాలు ఇవ్వండి అన్నారు. న్యాయమైన మాట. ఆ ఫోన్‌లోనే పిల్లల ఫొటోలు, బ్యాంకు ఖాతా, వైద్యం రిపోర్టులు, ఇంటిగుట్టు అంతా ఉంటుంది. ఉపాధ్యాయులకు సంఘబలం ఉంది కాబట్టి గట్టిగా అడగగలిగారు. ఫోన్, డేటా ఖర్చు కూడా మీద వేసుకుని చాకిరీ చేసే మేట్‌కు ఆ బలం ఎక్కడిది?

మెడికల్ రెప్‌ల గోడు ఇంకో రకం. చాలా కంపెనీలు డాక్టర్ క్లినిక్ ఉన్న చోటును యాప్‌లో గుర్తుపెడతాయి. రెప్ అక్కడికి వెళ్లి నొక్కితేనే డాక్టర్‌ను కలిసినట్టు లెక్కలోకి వస్తుంది. డాక్టర్ క్లినిక్ వేరే వీధికి మార్చాడనుకోండి, కలిసి మాట్లాడినా కలవనట్టే. పేషెంట్లందరూ అయ్యాక పిలుస్తానంటే మెట్ల మీద గంటసేపు నిలబడాలి. ఆ ఉద్యోగంలో సగం పని ఎదురుచూడటమే. తెర మీద మాత్రం కదలని చుక్క కనిపిస్తుంది, మేనేజర్ ఫోన్ చేసి ఎందుకు ఖాళీగా ఉన్నావని దబాయిస్తాడు. ఈ నిఘా ఆపాలన్నది 2023 డిసెంబరు 20న దేశవ్యాప్తంగా రెప్‌లు చేసిన సమ్మె డిమాండ్లలో ఉంది.

చట్టం ఆదుకుంటుందా అంటే, అంతంతమాత్రమే. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తేల్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఏడో సెక్షన్‌లో ఉద్యోగ అవసరాల కోసమైతే యజమాని సమ్మతి అడగక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది. నా దృష్టిలో ఆ చట్టంలో పెద్ద లోపం ఇదే. ఇటలీ 1970లోనే కార్మిక చట్టంలో నాలుగో అధికరణం పెట్టింది. ఉద్యోగుల మీద దూరం నుంచి నిఘాకు వీలిచ్చే పరికరం ఏదైనా బిగించాలంటే ముందు కార్మిక ప్రతినిధులతో ఒప్పందం కుదరాలని, కుదరకపోతే ప్రభుత్వ కార్మిక శాఖ అనుమతి కావాలని అందులో ఉంది. అప్పటికి మొబైల్ ఫోనే లేదు.

యజమానికి ఏమీ తెలియకూడదని నేను అనడం లేదు. రాత్రి షిఫ్టు ముగించుకుని ఆడపిల్లలు ఇంటికెళ్లే క్యాబ్‌లో జీపీఎస్ ఉండి తీరాలి. బస్సు ఎక్కడుందో ప్రయాణికులకు చూపడానికి 2023లో తెలంగాణ ఆర్టీసీ గమ్యం యాప్ తెచ్చింది, మంచి పని. అక్కడ గుర్తు పట్టేది బండిని. డ్యూటీ దిగాక డ్రైవర్ ఎక్కడ టీ తాగాడో, ఎవరింటికి వెళ్లాడో డిపోకు అక్కర్లేదు. ఫోన్ అలా కాదు. డ్యూటీ దిగినా అది మనిషితోనే ఇంటికి వస్తుంది.

కాబట్టి హాజరు యాప్ కావాలనుకునేవాళ్లు పరికరం, డేటా ఖర్చు తామే పెట్టుకోవాలి. డ్యూటీ వేళ దాటగానే అది దానంతటదే ఆగిపోవాలి. ఏం సమాచారం తీసుకుంటున్నారో, ఎన్నాళ్లు దాస్తారో ముందే తెలుగులో రాసిచ్చి, ఉద్యోగుల సంఘంతో మాట్లాడి ఒప్పించాలి. ఒక్క యాప్ మాట పట్టుకుని ఎవరి కూలీ కోయకూడదు. సిగ్నల్ అందని రోజున మస్టర్ కాగితం మీద పెట్టిన సంతకం, వేలిముద్ర చెల్లాలి, ఆ రోజు తవ్విన కొలతకు పూర్తి కూలి వాళ్ల ఖాతాలో పడాలి.