ఉప్పు పెట్టి బంగారం తెచ్చిన అక్సుమ్

ఆఫ్రికాలో ఒకప్పుడు అక్సుమ్ అనే పెద్ద వ్యాపార రాజ్యం ఉండేది, మీకు తెలుసా? అది ఇప్పటి ఇథియోపియా, ఎరిత్రియా దేశాల్లో 1వ శతాబ్దం నుండి 7వ శతాబ్దం దాకా వెలిగింది.

ఎర్రసముద్రం ఒడ్డున అదులిస్ అనే రేవు వాళ్ళదే. అక్కడి నుండి ఏనుగు దంతాలు ఓడల్లో పోయేవి. మన దేశం నుండి నూలు బట్టలు, ఇనుము వచ్చేవి. వాళ్ళు సొంతంగా బంగారు నాణేలు కూడా వేశారు.

నాకు బాగా నచ్చింది వాళ్ళ బేరం. 6వ శతాబ్దంలో కాస్మస్ అనే వర్తకుడు దాని గురించి రాశాడు. అక్సుమ్ వాళ్ళు ఉప్పు, ఇనుము, మాంసం ఒకచోట పెట్టి పక్కకి జరుగుతారు. బంగారం ఉన్నవాళ్ళు వచ్చి, కావలసిన సరుకు మీద బంగారం పెట్టి దూరంగా పోతారు. చాలనుకుంటే సరుకువాళ్ళు బంగారం తీసుకుంటారు. చాలకపోతే ముట్టుకోరు. అప్పుడు వాళ్ళు ఇంకొంచెం కలుపుతారు, లేకపోతే తమది తీసుకుని పోతారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఇద్దరూ ఒప్పుకుంటేనే బేరం. మా అమ్మ సంతకి చింతపండు తీసుకెళ్తే ధర షావుకారే చెప్తాడు, తూకం కూడా ఆయనదే.

మరి అక్సుమ్ ఎందుకు పడిపోయింది? 7వ శతాబ్దంలో సముద్ర వ్యాపారం అరబ్బుల చేతికి పోయింది. నాణేలు ఆగిపోయాయి. కొండల మీద చెట్లు కొట్టేస్తే మట్టి కొట్టుకుపోయి పంటలు తగ్గాయని కూడా కొందరు చరిత్రకారులు చెప్తారు.

అక్సుమ్‌లో 24 మీటర్ల రాతి స్తంభం ఒకటి ఉంది. 1937లో ఇటలీ వాళ్ళు దాన్ని ఎత్తుకుపోయారు. ఇథియోపియా అడుగుతూనే ఉంది. 2005లో తిరిగి ఇచ్చారు, 2008లో మళ్ళీ నిలబెట్టారు.

అడిగితేనే మనది మనకి వస్తుంది. ఈ సెలవులకి అమ్మతో సంతకి నేనూ వెళ్తాను. తూకం ముల్లు నేను చూస్తాను.

— 9వ తరగతి విద్యార్థిని